ఫ్రాన్సు ఊళ్ళ పేర్లలో మనవాళ్ళు ఉన్నారా?

ఇటీవల హైదరాబాదులో మెట్రో రైలులో వెళుతుండగా తరువాతి స్టేషన్ మూసారాంబాగ్ అన్న ప్రకటన వినిపించింది. మా వెంట ఉన్న మనవరాలు వెంటనే అడిగింది: "దాదా, ఈ పేరులో ఉన్నది మూసా అలైహిస్సలాం గారా, రాముడా?" సమాధానం చెప్పడానికి మాకు రెండు స్టేషన్ల దూరం పట్టింది. ఎందుకంటే ఆ పేరులో ఉన్నది వారిద్దరిలో ఎవరూ కాదు. ఒక ఫ్రెంచివాడు.

రెండవ నిజాం అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాపతిగా ఉండి, ఫిరంగుల కార్ఖానా నడిపించి, 1798లో మరణించిన రేమండ్ అనే సైనికాధికారి అతడు. ఫ్రెంచివారు ఒక పురుషుని మర్యాదగా పిలిచేటప్పుడు పేరుకు ముందు 'మొస్యు' అని చేరుస్తారు. ఆ 'మొస్యు' మన వీధుల్లో 'మూసా' అయింది. 'రేమండ్' అన్న భాగాన్ని ముస్లిములు 'రహీమ్' అని, హిందువులు 'రామ్' అని విన్నారు. మూసా రహీమ్ అని ఒకరు, మూసా రామ్ అని మరొకరు. పరాయి నోటి మాటను ఎవరి చెవి వారి ఇంటి మాటగా మార్చుకుంది. అస్మాన్‌గఢ్ గుట్ట మీద అతడి సమాధి నేటికీ ఉంది. గుట్టకు అనతిదూరంలో ఉన్న పేటకు పేరు అలా మిగిలిపోయింది.

మనవరాలు అంతటితో ఊరుకోలేదు. "మరి ఆయన ఊరి పేరేమిటి? దానికి అర్థమేమిటి?" అని మళ్ళీ అడిగింది. ఈ నెల ఈ శీర్షికలో పాఠకుల ముందు ఉంచుతున్నది ఆ రెండవ ప్రశ్నకు మేము వెతుకుతూ పోయిన సమాధానమే. వెతుకులాట హైదరాబాదు నుండి చాలా దూరం పోయింది. మధ్యలో ఒకచోట మా మనసుకు ఎంతో ఇష్టమైన ఒక నమ్మకాన్ని వదులుకోవలసి కూడా వచ్చింది.

రేమండ్ పుట్టింది ఫ్రాన్సు నైరుతి భాగంలోని గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే ఊరిలో. ఈ పేరు చివర ఉన్న 'అక్' అనే తోకను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. కోన్యాక్, ఓరియాక్, ఫ్లోరాక్, సావిన్యాక్ అంటూ దక్షిణ ఫ్రాన్సు పటం నిండా ఈ తోకలే కనిపిస్తాయి. రోమనులు రాకముందు ఆ దేశంలో నివసించిన వారిని గాల్ జాతివారు అంటారు. వారి భాషలో ఈ ప్రత్యయానికి 'ఫలానా వానికి చెందినది' అన్న అర్థం ఉండేది. క్రీస్తుకు పూర్వం ఒకటవ శతాబ్దం మధ్యలో జూలియస్ సీజర్ ఆ దేశాన్ని జయించిన తరువాత భూములన్నీ రోమన్ పేర్లు పెట్టుకున్న ఆసాముల చేతికి వచ్చాయి. సెరేనియస్ అనే ఆసామి పొలం సెరిన్యాక్ అయింది. సబీనియస్ పొలం సావిన్యాక్ అయింది. ఆరేలియస్ పొలం ఓరియాక్ అయింది. మనకు ఇది కొత్త పద్ధతి ఏమీ కాదు. సికందర్ పేరుకు 'ఆబాద్' చేరి సికింద్రాబాద్ అయినట్లే అక్కడ ఆసామి పేరుకు 'అక్' చేరింది. తేడా ఒక్కటే. మన ఆబాద్‌ల వెనుక సాధారణంగా ఒక నవాబో పాదుషాయో ఉంటాడు. అక్కడ మాత్రం చరిత్రలో మరెక్కడా కనబడని మామూలు భూస్వామి ఉంటాడు. అతడి ముఖం ఎవరికీ తెలియదు. అతడి సమాధి ఎక్కడో తెలియదు. కాని రెండు వేల ఏళ్ళుగా రోజూ ఎవరో ఒకరు అతడి పేరు పలుకుతూనే ఉన్నారు.

ఉత్తర ఫ్రాన్సుకు వెళితే ఇదే తోక అరిగిపోయి 'ఈ' అని వినిపిస్తుంది. దక్షిణాన సావిన్యాక్ అయినది ఉత్తరాన సావిన్యీ అయింది. దక్షిణాన ఫ్లోరాక్ అయినది ఉత్తరాన ఫ్లూరీ. దక్షిణాన కొండల మధ్య ఉన్న ఓరియాక్ పట్టణమూ, పారిస్ పక్కన విమానాలు దిగే ఓర్లీ కూడా పుట్టుకలో ఒకే పేరు. రెండూ ఆరేలియస్ అనే పేరు నుండి వచ్చినవే. ఓర్లీలో విమానం దిగే లక్షలాది మందిలో తాము ఒక రోమన్ రైతు పొలంలో అడుగు పెట్టామని ఎందరు తలుస్తారు?

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పాలి. 1757 నాటి బొబ్బిలి యుద్ధ కథ విననివారు మనలో ఉండరు. ఆ కోట మీద ఫిరంగులు పేల్చిన బుస్సీ దొర పూర్తి బిరుదనామం మార్కీ ద బుస్సీ కాస్తెల్నో. బుస్సీ అన్నది కూడా ఊరి పేరే. ఆ పేరున్న ఊళ్ళు ఫ్రాన్సులో పలుచోట్ల ఉన్నాయి. కాస్తెల్నో అంటే దక్షిణ ఫ్రాన్సు భాషలో 'కొత్త కోట' అని అర్థం. పాత కోటను కూల్చడానికి వచ్చినవాడి పేరులోనే కొత్త కోట ఉండటం విడ్డూరమే.

'అక్' తోకల సంగతి ఇలా ఉండగా, పెద్ద నగరాల పేర్లలో ఉన్న మర్మం వేరు. రోమనులు నగరాలకు తమ పద్ధతిలో పేర్లు పెట్టారు లేదా పాత గాల్ పేర్లనే లాటిన్‌లో రాసుకున్నారు. పారిస్ నగరాన్ని లుటేషియా అన్నారు. టూర్ నగరాన్ని సీజరు పేరు మీద సెజరోడూనుం అన్నారు. రెన్ నగరాన్ని కొండాటె అన్నారు. ఈ పేర్లన్నీ రాతి ఫలకాల మీద చెక్కించారు, దారిపటాలలో రాయించారు. కాని సామ్రాజ్యం చివరి రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. జనం ఆ పేర్లను వదిలేసి, ఆ ప్రాంతంలో నివసించే తెగ పేరుతోనే నగరాన్ని పిలవసాగారు. పరీసీ తెగవారి ఊరు పారిస్ అయింది. తురోనుల ఊరు టూర్, రెదోనుల ఊరు రెన్, రెములవారి ఊరు రాన్స్, లెమోవికుల ఊరు లిమోజ్, పిక్తోనుల ఊరు ప్వాటియే అయ్యాయి. గెలిచినవాడు రాయించిన పేరు చెరిగిపోయింది, ఓడినవాడి తెగ పేరు మిగిలింది. గాల్ భాష నశించి పదిహేను శతాబ్దాలు దాటింది. ఆ భాషలో ఒక్క వాక్యం మాట్లాడగలవారు ఈనాడు ఎవరూ లేరు. అయినా ఆ తెగల పేర్లు రైల్వే స్టేషన్ల మీద ఉన్నాయి.

రెండు తెగల హద్దును గాల్ భాషలో సుమారుగా 'ఎకొరాండా' అనేవారు. ఫ్రాన్సు పటంలో ఏగ్యురాండ్, ఇంగ్రాండ్ వంటి పేర్లున్న ఊళ్ళు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు సరిహద్దు ఉండేదని పండితులు గ్రహిస్తారు. హద్దురాళ్ళు మాయమైనా హద్దుమాట పోలేదు.

మిగతా వలసలను త్వరగా దాటిపోదాం. దక్షిణ సముద్ర తీరంలో గ్రీకులు వదిలిన పేర్లున్నాయి. క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో వారు స్థాపించిన మస్సాలియా నేటి మార్సెయ్. విజయమని అర్థమిచ్చే నికాయా నేటి నీస్. 'ఎదుటి పట్టణం' అనే అర్థం గల అంటిపోలిస్ నేటి అంటీబ్. ఉత్తర తీరంలో, 911లో ఫ్రాంకు రాజు నుండి భూమి పొందిన ఉత్తరదేశపు ఓడవీరులు తమ భాష మాటలను వదిలారు. నార్మండీ అన్న పేరే 'ఉత్తరాదివారు' అన్న మాట నుండి పుట్టింది. అక్కడి ఊళ్ళ పేర్ల చివర వచ్చే 'బెక్' అంటే వాగు. పశ్చిమాన బ్రెటన్ భాషవారి 'ప్లూ', 'కేర్' మొదలయ్యే పేర్లు. తూర్పున జర్మన్ మాటలతో 'దారి పక్క కోట' అనిపించుకున్న స్ట్రాస్‌బూర్. ఇక క్రైస్తవ పుణ్యపురుషుల పేర్లతో మొదలయ్యే ఊళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. అవన్నీ లెక్కపెడుతూ కూర్చుంటే పత్రిక పేజీలు చాలవు.

ఇప్పుడు మమ్మల్ని ఎక్కువగా ఆపిన చోటుకు వద్దాం.

ముస్లిం సైన్యాలు పిరనీస్ పర్వతాలు దాటి ఫ్రాన్సు నేల మీద అడుగుపెట్టాయన్నది చరిత్ర. 719-20 ప్రాంతంలో నార్బోన్ నగరం వారి అధీనమైంది. అరబ్బు చరిత్రకారులు దానిని 'అర్బూనా' అని రాశారు. 759లో ఫ్రాంకు రాజు పెపిన్ దానిని తిరిగి తీసుకునే వరకు, అంటే సుమారు నలభై ఏళ్ళు, ఆ నగరం అందలుసు పాలనలో ఉంది. ఆ తరువాత తొమ్మిదవ శతాబ్దం చివర నుండి 972-73 వరకు ఆగ్నేయ తీరపు కొండల్లో ఫ్రాక్సినెటుం అనే స్థావరం ముస్లిముల చేతిలో ఉంది. కాబట్టి వారి గుర్తులు ఊళ్ళ పేర్లలో ఉండి తీరాలని మేము అనుకున్నాం. వెతకగానే బోలెడు దొరికాయి కూడా. సంతోషం కొద్ది రోజులే నిలిచింది.

మొదటిది కర్కసోన్. రెండు వరుసల ప్రాకారాలతో నిలిచి ఉన్న ఆ కోట పట్టణానికి ఒక ముస్లిం రాణి పేరు వచ్చిందని ప్రసిద్ధమైన కథ ఉంది. షార్లమేన్ చక్రవర్తి ఆ కోటను ఐదేళ్ళు ముట్టడించాడట. లోపల తిండి అయిపోయింది. రాణి పేరు కర్కస్. మిగిలిన చివరి గోధుమలను చివరి పందికి తినిపించి దానిని బురుజు పైనుండి కిందికి విసిరించిందట. పొట్ట పగిలి గోధుమలు బయటపడటం చూసి, పందులకే గోధుమలు పెట్టేవారిని ఆకలితో లొంగదీయలేమని చక్రవర్తి వెనుదిరిగాడట. అప్పుడు రాణి సంధి కోసం గంటలు మోగించింది. 'కర్కస్ మోగిస్తోంది' అని ఎవరో అరిచారు. ఫ్రెంచిలో ఆ మాట 'కర్కస్ సోన్' అని వినిపిస్తుంది. కోట ద్వారం దగ్గర ఆమె ప్రతిమను నేటికీ చూపిస్తారు.

ఒక ముస్లిం వనిత తెలివికి చక్రవర్తి తలవంచాడన్న కథ ఎవరికి నచ్చదు? మాకూ నచ్చింది. కాని ముస్లిం కోటలో పందులెందుకు ఉన్నాయి, మినార్ల బదులు గంటలెందుకు మోగాయి అన్న ప్రశ్నలు మా ఇంట్లోనే లేచాయి. ఈ ప్రశ్నలను పక్కన పెట్టినా కథ నిలవదు. షార్లమేన్ రాజ్యానికి వచ్చింది 768లో. ఆ ప్రాంతం అంతకుముందే అతడి తండ్రి పెపిన్ చేతికి వచ్చేసింది. అన్నిటికంటే ముఖ్యంగా, క్రీస్తు శకం ఒకటవ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ గ్రంథంలోనే 'కర్కసో' అనే ఆ ఊరి పేరు ఉంది. రాణి పుట్టవలసిన కాలానికి ఏడు వందల ఏళ్ళ ముందు నుండే పేరు ఉన్నది. పేరు నుండి రాణి పుట్టింది తప్ప రాణి నుండి పేరు పుట్టలేదు.

రెండవది రమతుయెల్. సముద్రం కనిపించే కొండ మీద ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పాత ఇళ్ళ గ్రామం. ఆ పేరు 'రహ్మతుల్లాహ్' నుండి వచ్చిందని స్థానికులే చెబుతారు. రెండు పేర్లనూ పైకి పలికి చూడండి. ఎంత దగ్గరగా ఉన్నాయో! ఫ్రాక్సినెటుం స్థావరం కూడా అక్కడికి దగ్గరే. ఈ ఒక్క పేరు నిజమైతే చాలునని మేము మనసులో కోరుకున్న మాట దాచడం లేదు. కాని పండితులు చూపేది వేరు. అరబ్బులు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందు ఆ తీరంలో 'కమతుల్లికి' అనే తెగ నివసించేదని ప్లినీ రాశాడు. రమతుయెల్ ఆ తెగ పేరు రూపాంతరమని వారి అభిప్రాయం. పారిస్, టూర్, రెన్ నగరాలు ఏ దారిన పేర్లు పొందాయో ఈ చిన్న గ్రామమూ ఆ దారిననే పొందిందన్నమాట.

మూడవది ఆ గ్రామం వెనుక ఉన్న 'మోర్' పర్వతాలు. మూర్ జాతి ముస్లిముల పేరు మీద వచ్చిందని పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. భాషా పండితులు మాత్రం ఆ ప్రాంతపు ప్రొవాన్సల్ భాషలో నల్లనిది, చీకటిది అని అర్థమిచ్చే మాటను చూపుతారు. ఆ కొండలు దట్టమైన అడవితో దూరానికి నల్లగా కనిపిస్తాయి. ఇక సుమారు ఎనభై ఏళ్ళు ముస్లిముల చేతిలో ఉన్న ఫ్రాక్సినెటుం పేరైనా అరబ్బీదా అంటే, అదీ కాదు. ఆష్ అనే చెట్ల తోపు అని దాని లాటిన్ అర్థం. నేటి గార్ద్ ఫ్రెనె అనే ఊరి పేరులో ఆ తోపే ఉంది. అరబ్బు భూగోళ రచయితలు ఆ స్థావరాన్ని 'జబలుల్ ఖిలాల్' అన్నారు. ఆ పేరు వారి పుస్తకాల్లోనే మిగిలింది, నేల మీద నిలవలేదు.

'సరసెన్' అన్న మాట కలిసిన పేర్లు కూడా ఫ్రాన్సులో చాలా ఉన్నాయి. సరసెన్ గోడ, సరసెన్ బురుజు అంటూ చూపిస్తారు. కాని మధ్యయుగపు ఫ్రెంచివారికి సరసెన్ అంటే ముస్లిం అని మాత్రమే అర్థం కాదు. క్రైస్తవుడు కానివాడు, ఎప్పటివాడో తెలియనివాడు, అన్యుడు అందరూ సరసెనే. రోమనులు కట్టి వదిలిన పాడుగోడను కూడా సరసెన్ గోడ అనేవారు. చివరికి నల్లని గింజలు గల ఒక ధాన్యానికి కూడా ఆ పేరే పెట్టారు. దానితో చేసిన అట్లను నేటికీ బ్రెటన్ ప్రాంతంలో ఇష్టంగా తింటారు. కాబట్టి ఆ పేరు కనిపించిన ప్రతిచోటా మనవాళ్ళ అడుగుజాడలు ఉన్నాయనుకోవడం పొరపాటు.

ఇక్కడ పాఠకులలో కొందరికి నిరాశ కలగవచ్చు. ఇన్ని లాక్కోవడం దేనికి, ఒక్కటైనా మనకు వదలరాదా అని అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కాని మన హదీసు పండితులు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎంత మంచి మాట విన్నా వారు ముందు అడిగేది, ఇది నీకు ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని. మాట బాగుండటం వారికి సాక్ష్యం కాలేదు. ఊరి పేర్ల పండితులు చేసేదీ దాదాపు అదే. నేటి పేరును పక్కన పెట్టి, నూరేళ్ళ క్రిందటి దస్తావేజులో ఎలా ఉంది, ఐదు వందల ఏళ్ళ క్రిందటి చర్చి చిట్టాలో ఎలా ఉంది, రోమన్ దారిపటంలో ఎలా ఉంది అని ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగుతారు. ఫ్రాన్సులో ఓగ్యుస్త్ లోన్యోఁ అనే చరిత్రకారుడు జీవితమంతా ఈ పనికే వెచ్చించాడు. 1911లో ఆయన మరణించిన తరువాత ఆయన పాఠాలు గ్రంథంగా వెలువడ్డాయి. నేటి చెవికి ఎంత పోలిక వినిపించినా, పాత రాత ఒప్పుకోకపోతే ఆ పేరును ఈ పండితులు తిరస్కరిస్తారు. పరంపర కోసం ప్రాణం పెట్టిన సముదాయానికి చెందిన మనం ఇతరుల పేర్ల విషయంలో పరంపర అడగకపోతే ఎలా?

అలా అడిగిన తరువాత కూడా మిగిలినవి కొన్ని ఉన్నాయి. ఇయేర్ పట్టణం దగ్గర సముద్రపు ఒడ్డున 'అల్మనార్' అనే చోటు ఉంది. అది అరబ్బీ 'అల్ మనార్' నుండి, అంటే దీపస్తంభం అనే మాట నుండి వచ్చిందని సాధారణంగా అంగీకరిస్తారు. పక్కనే ఓల్బియా అనే పాత గ్రీకు రేవు శిథిలాలు ఉన్నాయి.

మరొకటి ఫ్రాన్సు పటంలో లేదు, మన చరిత్ర పుస్తకాల్లో ఉంది. హిజ్రీ 114 రమజాన్ నెలలో, అంటే 732లో, ప్వాటియేకూ టూర్‌కూ మధ్య జరిగిన యుద్ధంలో అబ్దుర్రహ్మాన్ అల్ గాఫికీ వీరమరణం పొందారు. ఫ్రెంచివారు ఆ యుద్ధాన్ని ప్వాటియే పేరుతో పిలుస్తారు. అరబ్బు రచయితలు ఆ చోటికి పెట్టిన పేరు 'బలాతుష్షుహదా'. షహీదుల బలాత్ అని. బలాత్ అంటే రాళ్ళు పరచిన బాట. ఆ రెండు నగరాలను కలిపే పాత రోమన్ రాతిబాట దగ్గర యుద్ధం జరగడం వల్ల ఆ పేరు వచ్చిందని చరిత్రకారులు భావిస్తారు. తమవారిని పోగొట్టుకుని తిరిగి వెళ్ళినవారికి ఊరి పేరు తెలియలేదేమో. కాలి కింద ఉన్న రాళ్ళు గుర్తున్నాయి. ఆ ప్రాంతంలోని ఒక చిన్న గ్రామాన్ని ఫ్రెంచివారు నేటికీ 'యుద్ధపు మూసే' అంటారు. మూసే అనగానే మా మనవరాలు "మళ్ళీ మూసానా?" అంది. కాదమ్మా, చెవికి అలా వినిపించడం తప్ప అందుకు వేరే సాక్ష్యం లేదని చెప్పాం. ఈసారి ఆమె రెండు స్టేషన్ల దూరం ఆగకుండానే ఒప్పుకుంది.

అన్నిటికంటే మాకు సంతోషం కలిగించిన పేరు ఎవరూ గొప్పగా చెప్పుకోనిది. పదమూడవ శతాబ్దంలో నైరుతి ఫ్రాన్సులో రాజులు, జమీందారులు, మఠాలు కలిసి వందల సంఖ్యలో కొత్త ఊళ్ళు కట్టించారు. జనాన్ని ఆకర్షించడానికి పన్నుల మినహాయింపు ఇచ్చేవారు. దానితోపాటు పేరు ప్రతిష్ఠలు గల దూరనగరాల పేర్లు పెట్టేవారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ పేరుతో ఫ్లోరాన్స్, పావియా పేరుతో పావీ, జర్మనీలోని కొలోన్ పేరుతో కొలోన్ అలా వెలిశాయి. 1290లో తూలూజ్ దగ్గర గరోన్ నది ఒడ్డున కట్టిన కొత్త ఊరికి వారు పెట్టిన పేరు గ్రెనాద్. అంటే అందలుసులోని గర్నాతా. ఆనాటికి గర్నాతాను పాలిస్తున్నది నస్రీ సుల్తానులు. కత్తి పట్టుకుని వెళ్ళిన సైన్యాలు రెండు శతాబ్దాలలో వదలలేని పేరును, పిరనీస్ అవతల ఉండిపోయిన ఒక నగరం కీర్తి ఒంటరిగా వెళ్ళి నాటి వచ్చింది. క్రైస్తవ రాజు అధికారి, క్రైస్తవ మఠం కలిసి కట్టుకున్న ఊరికి ఆ పేరు వారంతట వారే కోరి పెట్టుకున్నారు.

పేరు పెట్టడం గురించి చెప్పిన తరువాత తీసివేయడం గురించి కూడా చెప్పాలి. 1789 విప్లవం తరువాత ఫ్రెంచివారికి పేర్ల మీద ఆగ్రహం వచ్చింది. 1790లో పాత రాష్ట్రాలన్నీ రద్దు చేసి 83 కొత్త జిల్లాలు ఏర్పరచి, వాటికి నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టారు. నదికి కులీనుడని, మఠమని, రాజభక్తి అని ఏదీ ఉండదు కదా అని. ఆ పేర్లలో చాలా భాగం నేటికీ ఉన్నాయి. 1793లో ఆగ్రహం ఊళ్ళ మీదికి మళ్ళింది. రాజును, మతాన్ని, జమీందారీని గుర్తుచేసే పేర్లు మార్చుకోవాలన్నారు. మూడు వేలకు పైగా ఊళ్ళు పేర్లు మార్చుకున్నాయి. సాన్ త్రోపే పట్టణం హెరాక్లే అయింది. సాన్ దెనీ పట్టణం ఫ్రాన్సియాద్ అయింది. పాపం గ్రెనోబ్ల్ సంగతి వినండి. రోమన్ చక్రవర్తి గ్రాషియన్ పేరు మీద వచ్చిన గ్రాషియనోపోలిస్ అనే మాట అరిగి గ్రెనోబ్ల్ అయింది. దాని చివర ఉన్న 'నోబ్ల్' ఫ్రెంచిలో కులీనుడు అన్న మాటలాగా వినిపించింది. అందులో కులీనుడు లేడు. అయినా 'నోబ్ల్' తీసివేసి, స్వేచ్ఛ అని అర్థమిచ్చే 'లీబ్ర్' చేర్చి 'గ్రెలీబ్ర్' అన్నారు. రహీమ్ అని విన్నది, రామ్ అని విన్నది మన చెవులే అనుకున్నాం. విప్లవకారుల చెవులూ అటువంటివే.

తిరుగుబాటు చేసిన నగరాలకు శిక్షగా పేరు తీసివేశారు. లియోన్ నగరం లొంగిన తరువాత దానిని 'విముక్త నగరం' అనాలని ఆజ్ఞ వచ్చింది. మార్సెయ్‌కు ఆ మాత్రం గౌరవం కూడా దక్కలేదు. 1794 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొన్ని వారాలపాటు దాని అధికారిక నామం 'పేరు లేని నగరం'. మనుషులు ఉన్నారు, ఓడలు వస్తున్నాయి, సంతలు జరుగుతున్నాయి. కాగితం మీద ఊరికి పేరు లేదు. కాని ఆజ్ఞలు పెట్టిన పేర్లలో చాలా వరకు కొద్ది ఏళ్ళలోనే రాలిపోయాయి. ఇరవై నాలుగు శతాబ్దాల మార్సెయ్ తన పేరు తాను తెచ్చుకుంది.

ఇదే ఫ్రాన్సు తరువాత అల్జీరియాను ఆక్రమించి అక్కడి ఊళ్ళకు తన రాజుల, తన నగరాల పేర్లు పెట్టింది. స్కిక్దా ఫిలిప్‌విల్ అయింది. 1962లో స్వాతంత్ర్యం రాగానే అక్కడివారు మొదట చేసిన పనుల్లో పాత పేర్లను తిరిగి నిలబెట్టుకోవడం ఒకటి. ఫ్రాన్సులో కూడా పరువు కోసం పేర్లు మార్చుకున్నవారున్నారు. సేన్ నది దిగువన ఉన్న జిల్లాకు విప్లవకాలంలో పెట్టిన పేరులోని 'దిగువ' అన్న మాట ఫ్రెంచిలో 'తక్కువ రకం' అని కూడా ధ్వనిస్తుంది. పెట్టినవారికి తోచని ఆ నొప్పిని అక్కడివారు నూట అరవై ఏళ్ళు భరించి, 1955లో 'సముద్రపు సేన్' అని మార్పించుకున్నారు.

మార్సెయ్ పేరు లేని నగరమైతే, నగరం లేని పేర్లు కూడా ఉన్నాయి. ఫ్లోరస్ అనే ఆసామి పొలం ఉత్తరాన ఫ్లూరీ అయిందని పైన చెప్పాం. ఆ పేరున్న ఊళ్ళలో ఒకటి వెర్దన్ పట్టణం దగ్గర ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, వెర్దన్ చుట్టూ పది నెలలు సాగిన పోరాటంలో తొమ్మిది గ్రామాలు నేలమట్టమయ్యాయి. ఫ్లూరీ ఒక్కటే ఆ వేసవిలో పదహారు సార్లు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారింది. చివరికి చేతులు మారడానికి గోడ కూడా మిగలలేదు. మందుగుండు నిండిన ఆ నేలలో మళ్ళీ ఇళ్ళు కట్టడం కుదరలేదు. ఆ తొమ్మిదింటిలో ఆరు గ్రామాల్లో నేటికీ ఒక్క నివాసి లేడు. కాని ప్రభుత్వం వాటి పేర్లను జాబితా నుండి తీసివేయలేదు. 'ఫ్రాన్సు కోసం మరణించిన గ్రామాలు' అని గౌరవించి, ఓటర్లు లేని ఆ ఊళ్ళకు జిల్లా అధికారి చేత మేయర్లను నియమింపజేస్తున్నారు.

ఫ్లూరీకి కొద్ది దూరంలో దువోమోఁ స్మశానం ఉంది. అక్కడ వరుసలు వరుసలుగా ఉన్న శిలువల పక్కన ఒక భాగంలో శిలువలు ఉండవు. ఉత్తర ఆఫ్రికా నుండి, పశ్చిమ ఆఫ్రికా నుండి ఫ్రెంచి సైన్యంలో వచ్చి మరణించిన ముస్లిం సైనికుల సమాధులు అవి. మక్కా దిశకు అభిముఖంగా ఉంటాయి. వారి స్మారకంగా తెల్లని తోరణాలతో కట్టిన మండపాన్ని 2006 జూన్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడు ప్రారంభించారు. ఫ్రాన్సు నేల మీద మనవారి గుర్తుల కోసం పాత పేర్లలో వెతికి వెతికి అలసిన తరువాత ఈ సమాధుల దగ్గరకు చేరాం. ఇక్కడ పరంపర అడగనవసరం లేదు.

ఫ్లూరీలో ఇప్పుడు అడవి పెరిగింది. గుండ్లు పేలిన గుంటల మీద గడ్డి పరచుకుంది. ఆ గుంటల మధ్య కాలిబాటల వెంట చిన్న చిన్న గుర్తులు పాతారు. ఇక్కడ రొట్టెల దుకాణం ఉండేది, ఇక్కడ కమ్మరి కొలిమి ఉండేది, ఇది బడి అని వాటి మీద రాసి ఉంటుంది.